టర్బో బోణీ

పోయినవాళ్ళకి మా తెనాలిలో ఫ్లెక్సీ కడతారు. అందులో మనిషి ఎలా బతికినా సరే, బుద్ధిమంతుడిలా కనబడాలి. మా ఇంటి ఓనరుగారి ఫ్లెక్సీ చూసి నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ ఫోటో తీసింది నేనే. కారు ముందుభాగానికి ఆనుకుని, చేతిలో పానా పట్టుకుని, మోచేతుల దాకా నూనె పూసుకుని నవ్వుతున్న ఫోటో అది. ఫ్లెక్సీ వేసినవాళ్ళు కారుని కత్తిరించేసి వెనకాల కొండలూ మబ్బులూ పెట్టారు. పానా బాగోలేదనుకున్నారేమో, దాని స్థానంలో గులాబీ పువ్వు అతికించారు. ఆ పెద్దమనిషి జన్మలో గులాబీ పువ్వు పట్టుకోగా నేను చూడలేదు.

పెద్దకర్మ నాడు మాట్లాడినవాళ్ళందరూ ఆయన నిజాయితీ గురించీ, గుడికి ఇచ్చిన చందాల గురించీ, కొట్లో చీర చిరుగుంటే తనే చూపించి పక్కన పెట్టే గుణం గురించీ చెప్పారు. అన్నీ నిజాలే. కారు మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఆయన భార్య, మా పిన్నిగారు, ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఆవిడ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం బజారులో ఎవరికీ లేదు. కాబట్టి నేను చెప్తాను.

నేను ఆయనకి చుట్టాన్ని కాదు. వాళ్ళ మేడమీది వాటాలో చాలాకాలం అద్దెకున్నదాన్ని. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మొదటిరోజు నీళ్ళ మోటారు ఎక్కడుందో అడగబోయి "బాబాయిగారూ" అన్నాను. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఆయన భార్య పిన్నిగారు అయిపోయారు. ఆయన నన్ను "అమ్మాయ్" అనేవారు. నాకో పేరుందని ఆయనకి గుర్తుందో లేదో నాకు అనుమానమే.

చీరాల మగ్గాల ఇంట పుట్టి, తెనాలి బజారులో బట్టల కొట్టు పెట్టిన మనిషి. ఏది చేతికిచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపేవారు. నా చున్నీ కొసైనా, పూరీ అయినా, కరెంటు బిల్లు అయినా, తమలపాకైనా అంతే. నలిపి కళ్ళు సగం మూసి, "పర్లేదు" అనో "వాడు మోసం చేశాడమ్మాయ్" అనో తేల్చేవారు. ఒకసారి మా కాలేజీ ప్రశ్నపత్రం నలిపి, కాగితం ఇంత నాసిగా ఉంటే పిల్లలకి జవాబులెలా తడతాయని నన్ను నిలదీశారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆయన నోట "లేదు" అన్న మాట రాదు. కొట్లో ఆ మాట అంటే లక్ష్మి వెళ్ళిపోతుందని నమ్మకం. అడిగిన రంగు చీర లేకపోతే "వస్తుందండి" అనేవారు. ఇంట్లో కూడా అదే వరస. గ్యాసు అయిపోతే వస్తుంది, కరెంటు పోతే వస్తుంది. తలమీద జుట్టు గురించి బావమరిది ఎవరో ఆటపట్టిస్తే కూడా "వస్తుందిలే" అనే అన్నారు.

ఆ మనిషి ఒకరోజు రేపల్లెలో పెళ్ళివారికి చీరల మూటలు ఇచ్చి రావడానికి బస్సులో వెళ్ళి, సాయంత్రానికి ఎర్రటి స్పోర్ట్స్ కారులో వచ్చారు. రేపల్లె అవతల రొయ్యల చెరువులున్న ఒకాయన దాన్ని ఎక్కడినుంచో మోజుపడి తెచ్చుకున్నాడట. చెరువు గట్టుమీద బురదలో అది కూరుకుపోయిన ప్రతిసారీ ట్రాక్టరు కట్టి లాగించలేక, ఎవరైనా తీసుకుపోతే చాలనుకున్నాడట. బాబాయిగారు దాని బానెట్టు మీద వేలు పెట్టి నలపబోయారట. ఇనుము నలగలేదు. ఆ సంగతి ఆయనకి విపరీతంగా నచ్చేసింది.

పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఆ కారుని తలనుంచి తోక దాకా చూశారు. రెండే తలుపులు, వెనక సీటు పేరుకే, నేలకి జానెడెత్తు.

"ఏంటండీ ఇది?"

"కారు."

"ఎక్కడానికా, పాకడానికా?"

"కూర్చుంటే నీకే అలవాటవుతుంది."

"నా మోకాళ్ళకి కొత్త అలవాట్లు అక్కర్లేదు" అని ఆవిడ లోపలికెళ్ళిపోయారు. అయినా ఎర్రనీళ్ళు కలుపుకొచ్చి దానికి దిష్టి తీశాకే లోపలికి రానిచ్చారు. మనిషి మీద కోపం వేరు, దిష్టి వేరు.

వీధి చివర స్పీడు బ్రేకరు దగ్గర ఆ కారు పొట్ట నేలకి తగిలేది. బాబాయిగారు రెండు చెక్కపలకలు చేయించారు. బ్రేకరు రాగానే ఆగడం, దిగడం, పలకలు పరవడం, ఎక్కడం, దాటడం, మళ్ళీ దిగి పలకలు ఏరుకోవడం. వెనకాల ఆటోలవాళ్ళు హారన్లు కొడుతుంటే, కొట్లో రద్దీవేళ చెప్పినట్టే "ఉండండమ్మా, అందరికీ చూపిస్తాను" అనేవారు.

ఇంతటితో ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతారు? కొన్నాళ్ళకి ఫోన్లో వీడియోలు చూడటం మొదలెట్టారు. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, చెవిలో ఏదో పెట్టుకుని, ఎవరో తెల్లవాడు ఇంజిను విప్పుతుంటే తల ఊపేవారు. ఆ మాటల్లో ఆయనకి ఎంత అర్థమయ్యేదో తెలీదు. చేతులు చూస్తే చాలు, మగ్గం మీద చేతులు చూసి నేర్చుకున్నవాణ్ణి కదా అనేవారు. ఒకరోజు మెట్లమీద నన్ను ఆపి, "టర్బోలు మారుస్తున్నానమ్మాయ్" అన్నారు.

"అంటే ఏంటి బాబాయిగారూ?"

"ఇంజిను పొగ వదుల్తుంది కదా. అది ఊరికే పోతోంది. ఆ పొగ పోయే దారిలో ఓ చిన్న పంకా పెడతారు. పొగ దాన్ని తిప్పుతుంది. అది ఇంకో పంకాని తిప్పి ఇంజినులోకి గాలి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. చిల్లర ముక్కలు పారెయ్యకుండా బొంత కుట్టుకున్నట్టే. దీనికి రెండున్నాయి. ఇంకాస్త పెద్దవి తెప్పిస్తున్నా."

"ఉన్నవాటితో కారు నడవట్లేదా?" అని లోపల్నుంచి పిన్నిగారు.

"బీరువానిండా చీరలున్నాయని నువ్వు కొత్త చీర మానేశావా?"

లోపల బీరువా తలుపు దభాలున మూసుకుంది. ఆవిడకి మాట అందకపోవడం నేను చూసినంతలో అదే మొదటిసారి.

టర్బోలు విదేశాలనుంచి పెట్టెల్లో వచ్చాయి. వాటిని నేలమీద పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. కొట్లోంచి తెల్లటి పరుపు తెప్పించి కారుపక్కన వసారాలో పరిచి, దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, టర్బోలూ గొట్టాలూ బోల్టులూ వరసగా పేర్చారు. కరివేపాకు కోసం వచ్చిన ఆడవాళ్ళని కూడా వదిలేవారు కాదు. "రండమ్మా, కూర్చోండి, కొనక్కర్లేదు, చూడ్డానికేముంది" అంటూ టర్బోని రెండుచేతులా ఎత్తి, వెలుతురుకి తిప్పి, అంచులు చూపించేవారు. "ఇదిగో ఈ అంచు చూశారా, ఎక్కడా అతుకు ఉండదు." పాపం ఆ ఆడవాళ్ళు అలవాటుకొద్దీ "ఇందులో ఇంకో రంగు ఉందా బాబాయిగారూ?" అని అడిగితే ఆయన ఏమాత్రం తడబడకుండా "వస్తుందమ్మా" అనేవారు.

మొదటి బోల్టు ఎవరు విప్పాలన్నదానికి పెద్ద ఆలోచనే జరిగింది. ఏ పనికైనా బోణీ మంచి చేత్తో జరగాలి. ఎదురింటి మాస్టారు పానా పట్టుకుని ఉత్సాహంగా వచ్చారుగానీ బాబాయిగారు ఆయన్ని కాఫీతో మర్యాద చేసి పంపేశారు. ఆ మాస్టారు ఒకసారి పొద్దున్నే కొట్లో జేబురుమాలు కొంటే ఆరోజంతా ఈగలు తోలుకోవడమే అయిందట. నేను ఒక తువ్వాలు బోణీ చేసిన పూట పెళ్ళివారు దిగి బీరువాలు ఖాళీ చేశారట. ఆ తువ్వాలు కొన్న సంగతి నాకే గుర్తులేదు.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్. పైగా సన్నం. కింద బోల్టుల దగ్గరికి నా చెయ్యి పట్టదు."

"నాకు పానా పట్టుకోవడం కూడా రాదు బాబాయిగారూ."

"కప్పని కొయ్యడం వచ్చుగా? ఇది దానికంటే నయం, చచ్చిపోదు."

అలా నేను సెలవురోజుల్లో నూనె మరకల నైటీతో వసారాలో పడ్డాను. విప్పడం బాగానే జరిగింది. ఆయన ప్రతి బోల్టునీ మల్లుగుడ్డతో తుడిచి, నలిపి, ఎక్కడినుంచి తీశామో గుర్తుకి రంగురంగుల దారం ముక్క కట్టేవారు. పాత టర్బోలు బయటికొచ్చాయి. కొత్తవి వాటి చోట్లో కూర్చోవాలి. ఈలోగా శ్రావణమాసం వచ్చింది.

శ్రావణంలో పిన్నిగారి వరలక్ష్మీ వ్రతం అంటే మా వీధి మొత్తానికి పండగ. పేరంటాళ్ళందరూ కూర్చునేది ఆ వసారాలోనే. అక్కడ ఇప్పుడు చక్రాలకింద ఇటుకలతో, బానెట్టు తెరుచుకుని కారు నిలబడి ఉంది. ఒకరోజు పిన్నిగారు నడుముకి కొంగు దోపుకుని వచ్చి దానిముందు నిలబడ్డారు.

"ఏవండీ, నేను ఒక్కసారే చెప్తాను. బాపట్లలో మా అక్కకి బొట్టుపెట్టి వ్రతానికి పిలిచి రావాలి. ఈ కారులోనే వెళ్దాం. ఇందులో వెళ్ళి ఇందులో తిరిగొచ్చామా, ఇది మీ ఇష్టం, ఉంచుకోండి. దారిలో ఎక్కడైనా ఆగిందా, రేపల్లె ఆయనకి ఫోన్ చేస్తా. ఆయన్ని ట్రాక్టరు తెచ్చుకోమంటా. వ్రతంలోపు వసారా మాత్రం నాకు ఖాళీ కావాలి."

బాబాయిగారు కొట్లో గట్టి బేరం తగిలినప్పటిలాగే ఒక్క నవ్వు నవ్వారు. "బాపట్లేం ఖర్మ, చీరాల దాకా తీసుకెళ్తా" అన్నారు. నవ్వారుగానీ ఆ తర్వాత చాలాసేపు పానా చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నారు. కారు పోతుందేమోనన్న బెంగ ఆయనకి నిజంగానే పట్టుకుంది.

ఆ శుక్రవారం కింది బోల్టులు బిగించాలి. నేను చేతి గాజులు తియ్యబోయాను. ఆకుపచ్చ గాజులు. శ్రావణం మొదట్లో పిన్నిగారే పసుపు కుంకుమలతో ఇచ్చారు. తనకి బాబాయిగారు తెచ్చిన రకమే, నా చేతి సైజులో తెప్పించి మరీ ఇచ్చారు.

"అయ్యో అయ్యో, ఏంటా పని?" అంటూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "శ్రావణ శుక్రవారం పూట ముత్తైదువ చేతులు బోసిగా పెట్టుకుంటుందా ఎవరైనా?"

"ఇనుములో చెయ్యి పెడుతోందే, గాజులెందుకూ?" అన్నారు బాబాయిగారు.

"మీ ఇనుము శనివారం ఉండదా?"

వాదనలో ఎప్పటిలాగే ఆవిడే గెలిచారు. గాజులమీద జేబురుమాలు చుట్టి, చెయ్యి లోపలికి పెట్టాను. బోల్టు తిరుగుతూ తిరుగుతూ పానా జారింది. మణికట్టు వెళ్ళి ఇనుముకి కొట్టుకుంది. టిక్కుమని చిన్న చప్పుడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" అని వంటింట్లోంచి కేక.

"ఏం లేదు" అన్నారు బాబాయిగారు.

లేదు! ఆ మాట ఆయన నోట విన్నాక నాకు పరిస్థితి ఎంత తీవ్రమో అర్థమైంది.

ముక్కలన్నీ ఏరి తెల్లపరుపు మీద పెట్టాం. ఆయన వాటిని ఒకదాని పక్కన ఒకటి జరుపుతూ గాజుని మళ్ళీ గుండ్రంగా పేర్చారు. పెసరగింజంత చోటు మిగిలిపోయింది. అంత ముక్క ఎక్కడో ఉంది.

ఆ ముక్కకోసం ఆ ఇంట్లో జరిగిన వెతుకులాట ఇన్నీ అన్నీ కాదు. పరుపు దులిపాం. టార్చిలైటు వేసి, పళ్ళ డాక్టరు దగ్గర అరువు తెచ్చిన చిన్న అద్దంతో మూలమూలలా చూశాం. కొత్త టర్బోని మళ్ళీ విప్పి ఊరగాయ జాడీలా బోర్లించి తట్టాం. నా జడ విప్పించి దులిపించారు. ఇనుప ముక్కలు పడితే తియ్యడానికని ముందుచూపుతో కొన్న పెద్ద అయస్కాంతం ఒకటుంది. అది గాజుని పట్టదని నేను చెప్తున్నా వినకుండా దాన్ని కూడా ఓ గంట తిప్పారు. ఇక వెతకనిది ఒక్కటే మిగిలింది. ఇంజినులోంచి పొగ బయటికొచ్చే ఇనుప గొట్టం. నేను చెయ్యి పెట్టినప్పుడు దాని మూతి తెరిచే ఉంది. అందులోకి చూడటానికి దారి లేదు.

"అందులో ఉంటే ఏమవుతుంది?" అన్నాను.

"నెమ్మదిగా ఉన్నంతసేపు ఏమవదు, మూల పడుంటుంది. గట్టిగా నొక్కామా, పొగ దాన్ని ఎత్తి పంకాకి కొడుతుంది. ఆ పంకా తిరిగే వేగానికి పెసరగింజ చాలు. ముక్కలు ముక్కలైపోతుంది."

"గొట్టం విప్పితే?"

"ఇంజిను దింపాలి. వ్రతంలోపు అవదు."

ఆయన అన్నం సరిగ్గా తినడం మానేశారు. కొట్టునుంచి వచ్చి పరుపుమీద కూర్చుని, ఆ ఖాళీ ఉన్న గాజుని చూస్తూ "వస్తుంది, వస్తుంది" అనుకునేవారు. పిన్నిగారు వంటింటి కిటికీలోంచి అది చూస్తూ గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమేవారు. పందెం ఆవిడే గెలుస్తున్నారు. గెలుస్తున్న మనిషి మొహంలా మాత్రం లేదు.

ఒక ఉదయం ఆవిడ చీపురూ చేటా పట్టుకుని వసారాలోకి వచ్చి, చేటలోంచి ఓ ఆకుపచ్చ ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టారు.

"ఇదేనా మీ ప్రాణం? మెట్టుకింద ఊడుస్తుంటే దొరికింది."

బాబాయిగారు దాన్ని వేళ్ళమధ్య పెట్టి నలిపారు. ఎందుకో చాలాసేపు నలిపారు. తర్వాత వంగి గాజులో ఖాళీచోట పెట్టి, "ఇదే, అతికింది" అన్నారు. నేను తొంగిచూశాను. అతికినట్టే ఉంది. ఇంకేం, నేను చప్పట్లు కొట్టాను. పిన్నిగారు "సరే, ఇక కాఫీ తాగి చావండి ఇద్దరూ" అని లోపలికెళ్ళారు.

కారు స్టార్టయిన రోజు వీధి వీధంతా వచ్చింది. చక్రాలకింద నిమ్మకాయలు, బానెట్టుకి పసుపు కుంకుమ. ఇంజిను ఒకసారి దగ్గి, తెల్లగా పొగ వదిలి, బుద్ధిగా అందుకుంది. ఎదురింటి మాస్టారు తన చెయ్యి పడనందుకే బాగుందని తనే ఒప్పుకున్నారు, పెద్దమనిషి.

బాపట్లకి ముగ్గురం బయల్దేరాం. దారిలో ఆగితే సాక్ష్యం ఉండాలని పిన్నిగారు నన్ను కూడా రమ్మన్నారు. వెనక సీట్లో నన్ను మడిచి పెట్టారు. బాబాయిగారు తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగు పట్టుకున్నారు. ఊరు దాటాక అసలు తమాషా మొదలవుతుందని నేను సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఏ తమాషా లేదు. ఆయన నలభై దాటలేదు. షేర్ ఆటోలు దాటిపోయాయి. గడ్డిమోపుల ట్రాక్టరు దాటిపోయింది. అంగలకుదురునుంచి మాకు రోజూ పాలు తెచ్చే ఆయన క్యాన్లు కట్టుకున్న మోపెడ్ మీద మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, "ఏమైందండీ బాబాయిగారూ, తోయమంటారా?" అని అడిగాడు. పొన్నూరులో కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి "నొక్కండి అంకుల్, నొక్కండి!" అని అరిచారు. ఆయన వాళ్ళకి నమస్కారం పెట్టారు.

పిన్నిగారు మాత్రం పొంగిపోయారు. "చూశావా అమ్మాయ్, ఇలా బుద్ధిగా నడిపితే నేనెప్పుడైనా కాదన్నానా?"

బాపట్లలో ఆవిడ అక్కగారింట్లో బొట్టూ కబుర్లూ నడుస్తుండగా నేనూ బాబాయిగారూ కారు దగ్గర నిలబడ్డాం. నాకు మహా చిరాగ్గా ఉంది. "ఇన్నాళ్ళు నా గోళ్ళన్నీ విరగ్గొట్టుకుని టర్బోలు పెట్టింది పాలవాడు జాలిపడ్డానికా?" అని అడిగేశాను.

ఆయన వెనక్కి తిరిగి తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకున్నారు.

"ఆ ముక్క నీ గాజుది కాదమ్మాయ్."

"అదేంటి? అతికిందన్నారుగా."

"రంగొకటే. వంపు వేరు. నీ చెయ్యి సన్నం, నీ గాజు చిన్నది. అది పెద్ద గాజు ముక్క. మీ పిన్నికి పెళ్ళయినప్పట్నుంచీ గాజులు తెచ్చేది నేనే. ఆవిడ చేతి వంపు నా వేళ్ళకి తెలీదా?"

నేను నా చేతి గాజులకేసి చూసుకున్నాను.

"శుక్రవారం నీ గాజులు తియ్యనివ్వని మనిషి, శ్రావణమాసంలో తన గాజు తనే చిట్లగొట్టుకుంది. మొగుడి ఆయుష్షుకి లెక్కగట్టుకునే గాజు. అదీ, తను గెలిచే పందెంలో నేను నెగ్గాలని." ఆయన పంచె అంచుతో కళ్ళు తుడుచుకుని, అదే అంచు వేళ్ళతో నలిపారు. "అసలు ముక్క ఇంకా లోపలే ఉందేమో. నొక్కితే పంకా పోతుంది. పోతే ఆవిడకి తెలిసిపోతుంది."

"పోనీ వ్రతం అయ్యాక తీరిగ్గా ఇంజిను దింపించి వెతకొచ్చుగా?"

"ఏం వెతుకుతున్నారు, దొరికిందిగా అంటుంది. ఏం చెప్పమంటావ్? నువ్వు అబద్ధం ఆడావని చెప్పనా? అంత అబద్ధం నాకోసం ఇంకెవరాడతారమ్మాయ్? నలభైలో పోతే నాకేమన్నా అరుగుతుందా? ఈ మాట నీదగ్గరే ఉంచు."

తిరిగొచ్చేటప్పుడు కూడా నలభైలోనే వచ్చాం. కారు ఆగలేదు. వసారా ఖాళీ అయింది, పక్కన రేకుల షెడ్డు వేయించుకుని కారు అందులో నిలిచింది. వ్రతం ఘనంగా జరిగింది.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ కారు అలాగే నడిచింది. పెళ్ళిళ్ళకి వెళ్తే రెండో బంతిలో కూర్చోవడమే. మీటరు మీద పెద్ద అంకెలన్నీ మడత విప్పని చీరల్లా అలాగే ఉండిపోయాయి. తెనాలి బజారులో దానిమీద పుట్టని హాస్యం లేదు. అంత్యక్రియల ఊరేగింపు కూడా దాన్ని దాటిపోయిందని ఎవరో అన్నారు. బాబాయిగారు అవన్నీ వినేవారు, నవ్వేవారు, చెప్పినవాడికి కాఫీ ఇప్పించేవారు. ఖాళీ రోడ్డు మీద ఒక్కోసారి ఆయన కుడికాలు మెల్లగా ముందుకి జరగడం నేను వెనక సీట్లోంచి చూశాను. పక్కన పిన్నిగారి చేతి గాజులు గలగలమనగానే వెనక్కి తీసేసుకునేవారు. ఆ కారు కోసం అంత తపించిన మనిషికి అది చిన్న విషయమేం కాదు.

పోయిన నెల ఆయన కొట్లోనే, పొద్దున బోణీ అయ్యాక, గల్లాపెట్టె మీద తలవాల్చి వెళ్ళిపోయారు. కర్మలన్నీ అయ్యాక పిన్నిగారు నన్ను పిలిచారు. రేపల్లె ఆయనకి రొయ్యలు మళ్ళీ కలిసొచ్చాయట, కారు తిరిగి ఇస్తారా అని అడుగుతున్నాడట.

"ఇచ్చేద్దామే. షెడ్డులో దాన్ని చూస్తూ బతకడం నావల్ల కాదు. ఆయన నీకు నేర్పారుగా, నువ్వు నడుపు, నేనూ వస్తాను."

బోసి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పక్కసీట్లో కూర్చున్నారు. నేను అలవాటుగా నలభైలోనే పోనిచ్చాను. వేమూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది.

"ఇది ఎంత వేగం పోతుందే? అదేదో విమానంలా పోతుందని కోసేవారు మీ బాబాయి. ఇచ్చేసేముందు ఒక్కసారి నొక్కు, చూద్దాం."

నేను గతుకులున్నాయన్నాను. గేదెలొస్తాయన్నాను. నా కళ్ళజోడు మార్చాలన్నాను.

"అమ్మాయ్, నువ్వేదో దాస్తున్నావ్."

దాచగలిగేదాన్నే. కానీ కారు ఇంకో గంటలో చెయ్యి మారిపోతుంది, ఆయన ఇన్నేళ్ళు ఎందుకలా నడిపారో ఈవిడకి ఎప్పటికీ తెలీకుండా పోతుంది. అది నాకు అన్యాయమనిపించింది. మొత్తం చెప్పేశాను. భట్టిప్రోలు వచ్చేసరికి ఆవిడ నా వైపు తిరిగారు.

"ఆయనకెలా తెలిసింది?"

"వంపు తేడా ఉందటండి. మీ చేతి వంపు ఆయన వేళ్ళకి తెలుసట."

ఆవిడ తన మణికట్టుని రెండోచేత్తో చుట్టి పట్టుకున్నారు. కన్నీళ్ళు బొటబొటా కారాయి. అంతలోనే కోపం ముంచుకొచ్చింది.

"మహా గొప్ప! తెలిసీ నోరు మెదపకుండా కూర్చున్నారా? ప్రతి పెళ్ళిలోనూ మనం వెళ్ళేసరికి మాంగల్యధారణ అయిపోయేది, వంకాయకూర అయిపోయేది! ఒక్కమాట అంటే విప్పుకోండి అనేదాన్ని కదే? ఇన్నేళ్ళూ ఆ కాలు బిగబట్టుకుని నాపక్కన కూర్చున్నారా, పిచ్చి మనిషి!"

ఏడుపూ తిట్లూ కలగలిసి కొంతదూరం సాగాయి. తర్వాత కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"అయితే ఆ అసలు ముక్క లోపల ఉన్నట్టా, లేనట్టా?"

"తెలీదండి పిన్నిగారూ."

"నొక్కు. తెలుస్తుంది."

"పంకా పోతే రేపల్లె ఆయన తీసుకోడండీ."

"నొక్కమంటున్నానా?"

నొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ముందునుంచి సన్నగా ఈల లేచింది. నా వీపు సీటుకి అతుక్కుంది. పొలాలు రెండుపక్కలా వెనక్కి పరుగెత్తాయి. నేను కళ్ళు మూసుకోవాలనుకుని, నడుపుతున్నది నేనేనని గుర్తొచ్చి తెరిచాను. ఏదైనా విరిగే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. ఈల పెరుగుతూనే ఉంది.

"ఏవండీ!" అని పిన్నిగారు గాలిలోకి పెద్దగా కేకేశారు. "చూశారా? లోపల ఏమీ లేదు! ఏమీ లేదండీ!"

ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. రేపల్లె బోర్డు వచ్చింది, పోయింది. రొయ్యల చెరువుల వైపు తిరగాల్సిన మలుపు కూడా పోయింది.

"పిన్నిగారూ, దాటొచ్చేశాం. ఆయన మనకోసం ఎదురుచూస్తుంటాడు."

"చూడనీ" అన్నారావిడ.